మూడో నంబరువాడి గోలు

ఇంగ్లాండువాళ్ళకి అదృష్టం లేక గానీ, మా అమ్మమ్మ సీతారావమ్మని పిలిచి తమ ఫుట్‌బాల్ జట్టు చేతిలో పెట్టి ఉంటే, ఆ దేశం గోలుస్తంభాల మధ్య ఇవాళ్టికీ సాలీళ్ళు గూళ్ళు కట్టుకుని పిల్లాపాపలతో కాపురం చేస్తూ ఉండేవి. బంతి అటు వెళ్తే కదా వాటికి ఇబ్బంది! ఎంత మొనగాడైనా సరే, ఆవిడ కాపలా పెట్టిందంటే, బంతి సంగతి మర్చిపోయి కాసిని మంచినీళ్ళు తాగి ఇంటికి పోవలసిందే.

ఈ మాట అన్నది నేను కాదు. జగ్గయ్యపేటలో మా అమ్మమ్మావాళ్ళ మేడ మీద గదిలో అద్దెకున్న సిమెంటు ఫ్యాక్టరీ ఇంజనీరు, బాలసుబ్రహ్మణ్యం గారు. సాలీళ్ళ కాపురం మటుకు నేను కలిపాను. మిగతాదంతా ఆయన కళ్ళారా చూసిందే. చూసినప్పుడల్లా నోరు వెళ్ళబెట్టిందే.

నిజానికి సీతారావమ్మ తన జన్మలో ఫుట్‌బాల్‌ని తాకింది ఒక్కసారే. హైస్కూలు గ్రౌండులోంచి ఎగిరొచ్చి ఆరబోసిన మిరపకాయల్లో పడితే, చీపురుతో వీధిలోకి నెట్టింది. ఆవిడ విద్య వేరు. పెళ్ళిళ్ళలో కాపలా.

మా వైపు పెళ్ళిళ్ళు చూసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. మగపెళ్ళివారి బస్సు దిగగానే, అందులో పేచీకోరు ఎవరో ఆడపెళ్ళివారు వాసన పట్టి, ఒక్కొక్కరి మీదా తమ మనిషిని ఒకణ్ణి పెడతారు. అలిగే మేనమామకి ఒకడు, వంకలు పెట్టే అల్లుడికి ఒకడు. అందరూ చేసేదేమిటంటే, పెద్ద పేచీకోరు మీద పెద్దమనిషిని పెట్టడం. ఇద్దరు పెద్దవాళ్ళు కూర్చున్నాక అక్కడ పంచాయతీ తప్ప పెళ్ళి ఎలా నడుస్తుంది? సీతారావమ్మ లెక్క దీనికి తిరగేసి ఉండేది.

అది మొదట బయటపడ్డది డెబ్బై నాలుగులో, వత్సవాయిలో ఆవిడ పెదనాన్న కూతురి పెళ్ళిలో. మగపెళ్ళివారిలో ఒక పెద్దాయన, బ్యాండు పొలిమేర దాకా ఎదురు రాలేదని బస్సు దిగనన్నాడు. బతిమాలటానికి సర్పంచి వెళ్ళాడు, హెడ్మాస్టరు వెళ్ళాడు, చివరికి పెళ్ళికూతురి తండ్రి కండువా తీసి చేతులు జోడించాడు. ఆయన ఇంకా బిగిసి కూర్చున్నాడు. అప్పుడు సీతారావమ్మ, పొయ్యి దగ్గర ఉన్న ఆదెమ్మ అనే ముసలామెని పిలిచి చెవిలో ఏదో చెప్పింది. ఆదెమ్మ ఒక మూట నెత్తిన పెట్టుకుని బస్సెక్కి, సరాసరి ఆ పెద్దాయన పక్కన కూలబడి, మూట ఆయన ఒళ్ళో పెట్టి, "ఖమ్మం ఎన్నింటికి పోద్దయ్యా ఈ బస్సు? నా మోకాలి సంగతి చెప్తా ఇను" అని మొదలుపెట్టింది. కుడి మోకాలు అయ్యి ఎడమ మోకాలికి వచ్చేలోపు పెద్దాయన బస్సు దిగి, పందిట్లోకి వచ్చి, కాళ్ళు కడుక్కుని విస్తరి ముందు కూర్చున్నాడు. ఊరు ఊరంతా కొయ్యబారిపోయింది.

ఆ తర్వాత నందిగామ నుంచీ, జి.కొండూరు నుంచీ కూడా పెళ్ళిళ్ళకి సీతారావమ్మ కోసం జీపులు వచ్చేవి. పెళ్ళికి పిలుపు వచ్చేది ఆవిడకి, వెంట వెళ్ళేది మా తాత సాంబయ్య. పదిహేనెకరాల మెట్ట చేసే రైతు ఆయన. పొలంలో ఎడ్లతో తప్ప ఎవరితోనూ నాలుగు మాటలు వరసగా మాట్లాడి ఎరగడు. పెళ్ళిళ్ళలో ఆవిడ హడావుడిగా తిరుగుతుంటే ఈయన ఒక మూల కుర్చీలో కండువా ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. ఎవరైనా పలకరిస్తే, "మావాళ్ళు వచ్చారులే" అని ఆవిడ వైపు చూపించేవాడు.

ఎనభై ఏడులో మేడ మీదికి బాలసుబ్రహ్మణ్యం వచ్చాడు. వాళ్ళది నందిగామ. తండ్రి తెలుగు మాస్టారు, ఈయన ఇంజనీరు. ఓడల్లో పనిచేసే మేనమామ ఒకాయన లండను నుంచి ఒక చిన్న కంప్యూటరు తెచ్చిచ్చాడు. పలక అంత ఉంటుంది. టీవీకి తగిలించి, టేపురికార్డరులో క్యాసెట్టు పెడితే, చెవులు చిల్లులు పడేలా కూతలు కూసి, ఆ కూతల్లోంచి టీవీ మీద ఆట పుడుతుంది. మొదటి వారమే ఆ మిషను దెబ్బకి ఫ్యూజు ఎగిరిపోయి ఇల్లంతా చీకటైతే, సీతారావమ్మ కేకలేసి, మేడ గదికి వేరే ఫ్యూజు పెట్టించింది. మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ కూతలు వినపడేసరికి మెట్లెక్కి పైకే వచ్చింది.

"అబ్బాయ్ సుబ్రహ్మణ్యం! పిల్లి గొంతేమన్నా పిసుకుతున్నావా?"

"పిల్లి కాదు పిన్నిగారూ. ఫుట్‌బాల్ ఆట. క్యాసెట్టులోంచి ఎక్కుతోంది."

"బంతేదీ?"

"ఇందులో మనం బంతి తన్నం అండీ. నేను మేనేజర్ని. వీళ్ళు నా పదకొండుమంది, వాళ్ళు అవతలివాళ్ళు. వాళ్ళలో ఎవడి మీద మనలో ఎవణ్ణి కాపలా పెట్టాలో చెప్పి కూచుంటే, ఆట వాళ్ళే ఆడతారు."

కాపలా అన్న మాట చెవిన పడగానే సీతారావమ్మ గడప దాటి వచ్చి మంచం మీద చతికిలబడింది.

ఆ ఆటలో ప్రతి మనిషికీ ఒక నంబరు ఉంటుంది. నంబరు ఎదురుగా వాడి వేగం ఎంత, కోపం ఎంత, ఓపిక ఎంత, ఉత్సాహం ఎంత అని అంకెలు ఉంటాయి. ఆ రోజు అవతలి జట్టు తొమ్మిదో నంబరువాడు గుర్రం. బాలసుబ్రహ్మణ్యం తన జట్టులో అందరికన్నా వేగంగా పరిగెత్తేవాణ్ణి వాడి మీద పెట్టాడు. టీవీలో చీమల్లాంటి బొమ్మలు అటూ ఇటూ ఉరికాయి. చూస్తుండగానే ఐదు గోల్స్ పడ్డాయి.

"ఏడిసినట్టుంది నీ కాపలా," అంది సీతారావమ్మ. "ఉరికేవాడి వెనక ఉరికేవాణ్ణి పెడితే వాడికి పందెం దొరికినట్టు. సరదాపడి ఇంకా ఉరుకుతాడు. బద్ధకస్తుణ్ణి పెట్టు."

"బద్ధకస్తుడు వాణ్ణి అందుకోలేడండీ!"

"ఎందుకందుకోవాలి? వాడు చివరికొచ్చేది మన గుమ్మంలోకేగా? మనోడు ముందే అక్కడ కాళ్ళు చాపుక్కూచుంటాడు."

బాలసుబ్రహ్మణ్యం నవ్వుకుంటూనే, నాలుగో నంబరు మందకొడిగాణ్ణి గోలు ముందు నిలబెట్టి మళ్ళీ ఆడించాడు. గుర్రం ఆట పొడుగునా ఉరికి ఉరికి, ప్రతిసారీ వచ్చి ఆ మందకొడిగాడికి కొట్టుకుని పడ్డాడు. సున్నా సున్నా. బాలసుబ్రహ్మణ్యం టీవీ వంకా, ఆవిడ వంకా మార్చి మార్చి చూశాడు.

ఇక ఆదివారం వస్తే మధ్యాహ్నం భోజనాలవగానే ఆవిడ మేడ మీదే. అంకెలు ఆయన చదివి వినిపించేవాడు. ఆవిడ వాటిల్లోంచి మనుషుల్ని లాగి బయటికి తీసేది.

"ఏడో నంబరు. కోపం తొంభై ఉంది పిన్నిగారూ."

"రాయిలాంటివాణ్ణి పెట్టు వాడి పక్కన. ఏమన్నా ఉలక్కూడదు, పలక్కూడదు, ఊపిరి తగిలేంత దగ్గరగా నిలబడాలి. వాడే ఎవణ్ణో తన్ని పోతాడు."

అన్నట్టే ఏడో నంబరువాడు ఎవణ్ణో తన్నాడు. టీవీ మీద ఎర్ర చీటీ వెలిగి, వాణ్ణి ఆటలోంచి పంపేశారు. బాలసుబ్రహ్మణ్యం తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఈ ఎనిమిదోవాడు పరవాలేదండీ. గోల్సేం కొట్టడు. పక్కవాళ్ళకి అందిస్తుంటాడు, అంతే."

"అంతేనా? ఓరి నాయనో! అసలు దొంగ వాడే. పందిట్లో ఒక్క మాటా పైకనడు. అందరి చెవులూ కొరికి వస్తాడు. వాణ్ణి ఒంటరిగా వదిలావా, చచ్చావే!"

అలా వారాల తరబడి ఆ జట్టు మీద ఎవడూ గోలు కొట్టలేకపోయాడు. ఆ జట్టూ ఎవడి మీదా కొట్టలేదు. అదేమంటే, "మనవెందుకు కొట్టటం? గొడవ లేకుండా బస్సెక్కించి పంపితే చాలదూ?" అనేది.

ఈ ఆటలు నడుస్తున్నంతసేపూ సాంబయ్య గడప అవతల నిలబడి ఉండేవాడు. మొదట్లో కాఫీ పెట్టమని చెప్పటానికి వచ్చాడు. ఆవిడ వినిపించుకోలేదు. తర్వాత తర్వాత ఏమీ అడక్కుండానే వచ్చి నిలబడేవాడు. రమ్మంటే, "పర్లేదులే" అనేవాడు.

ఒక ఆదివారం ఆ ఘోరం జరిగింది. ఆట అయిపోవస్తోంది, ఎప్పటిలాగే సున్నా సున్నా. అవతలివాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ కట్టేసినట్టున్నారు. ఉన్నట్టుండి సీతారావమ్మ జట్టులోని మూడో నంబరువాడు, ఎవరూ తరమకుండా, ఎవరూ తోయకుండా, బంతి తీసుకుని వెనక్కి తిరిగి, నింపాదిగా నడుచుకుంటూ పోయి తన సొంత గోల్లోనే కొట్టాడు.

సీతారావమ్మ మంచం మీంచి లేచి నిలబడింది. "ఏంటది? వాడెవడు? మనోడు కాదూ?"

"మనవాడేనండీ. సొంత గోలు అంటారు. అదీ లెక్కే. ఓడిపోయాం."

"మనోడు మన కొంపలో కొట్టటమేంటిరా!"

బాలసుబ్రహ్మణ్యం మూడో నంబరు అంకెలు చూశాడు. ఉత్సాహం ఎదురుగా సున్నా ఉంది. "మొదటి రోజు నుంచీ వీణ్ణే ఆడిస్తున్నాం పిన్నిగారూ. ఒక్క ఆటకీ కూచోబెట్టలేదు, చోటు మార్చలేదు. అవతలివాళ్ళ సంగతులన్నీ అడిగారు గానీ, వీడి సంగతి మీరెప్పుడూ అడగలేదు."

"మనోడి సంగతి మనం అడిగేదేంటి? మనోడేగా!" అని, దొంగ మిషనని దాన్ని నాలుగు తిట్టి, సీతారావమ్మ చరచరా దిగిపోయింది. మళ్ళీ ఆట చూడటానికి పైకి రాలేదు. గడప దగ్గర సాంబయ్య మాత్రం లోపలికి తొంగి చూసి, "ఆ మూడోవోడికి ఉత్సాహం రావాలంటే ఏం చెయ్యాలి బాబూ?" అని అడిగాడు. సాంబయ్య నోట్లోంచి అంత పొడుగు ప్రశ్న రావటం చూసి బాలసుబ్రహ్మణ్యం ఇంకోసారి ఆశ్చర్యపోయాడు. అప్పుడప్పుడూ కూచోబెడితే వస్తుందని చెప్పాడు.

ఆ తర్వాత ఫ్యాక్టరీలో షిఫ్టులు మారి, బాలసుబ్రహ్మణ్యానికి ఆట మీద ధ్యాస తగ్గింది. గది తాళంచెవి సాంబయ్యకిచ్చి డ్యూటీకి పోయేవాడు. క్యాసెట్టు ఒక చోట పెడితే ఇంకో చోట ఉండేది. ఎలుకలనుకున్నాడు.

మరుసటి వేసవిలో మా అమ్మ ప్రమీలారాణి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకుది చందర్లపాడు. మంచివాడు, ఆ సంగతి నాకు తెలుసు. ఆయన వెంట వచ్చేవాళ్ళ సంగతి మటుకు జిల్లాకంతా తెలుసు. పెళ్ళికొడుకు మేనమామ రత్తయ్య, పీటల మీది పెళ్ళి ఆగిపోతుందేమో అన్నంత పని చేయనిదే ఏ పందిట్లోనూ ముద్ద ముట్టినవాడు కాడు. ఆ ఇంటి పెద్దల్లుడు భవానీప్రసాద్ వంటకాలకి వంక పెట్టటంలో డిగ్రీ చదివినవాడు. మేనత్త భారతీదేవి ఎదుటివాళ్ళ పట్టుచీర కొసలు వేళ్ళతో నలిపి చూసి, పెదవి ఒక్కటి విరిచిందంటే చాలు. అన్ని ఊళ్ళ పెళ్ళిళ్ళూ గట్టెక్కించిన సీతారావమ్మ, సొంత కూతురి పెళ్ళి ఎలా చేస్తుందోనని జగ్గయ్యపేట, నందిగామ రెండూ కాచుకుని ఉన్నాయి. పెళ్ళిలో చిన్న రభస జరిగినా, అది కూతురి నెత్తిన జన్మంతా ఉంటుంది. ఆ సంగతి సీతారావమ్మకి అందరికన్నా బాగా తెలుసు. తెలుసు గనకే పెళ్ళికి ముందు రోజు పొద్దుటి నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.

సాయంత్రం వరండాలో అందర్నీ పిలిచి ఎవరి పని వాళ్ళకి చెప్పింది.

"కృపారావు గారూ, రత్తయ్య మీకు."

కంపౌండరు కృపారావు నీళ్ళు నమిలాడు. "నాకు ఊరుకోబెట్టటం చేతకాదు చెల్లెమ్మా. నాకే చప్పున కోపమొస్తది."

"అందుకే మీరు. ఆయన అలిగేలోపు మీరు అలగాలి. అలిగి మాట్టాడకుండా కూచోండి. అంతే."

వంటలో సాయానికి వచ్చిన సుబ్బమ్మకి భవానీప్రసాద్‌ని అప్పజెప్పింది. "ప్రతి గిన్నే ముందు ఆయన దగ్గరికే పోవాలి. ఉప్పు మీరు సరేనంటేనే వడ్డిస్తాం అనాలి. ఇక వంక పెడితే అది ఆయన వంకే." ఎదురింటి పెళ్ళికాని పిల్ల బేబిని పిలిచి, "నువ్వు భారతీదేవి గారి మెడలో ఒక్కో నగా ఎక్కడ చేయించారో అడుగుతా ఉండు. మధ్యలో ఆపమాక," అంది.

బాలసుబ్రహ్మణ్యం తన వంతు కోసం చూస్తున్నాడు. "నువ్వు ఎవరికీ కాదబ్బాయ్. గాలికి తిరుగు. ఎక్కడ గొంతు లేస్తే అక్కడికి పో."

స్తంభం పక్క నుంచి సాంబయ్య అడిగాడు. "మరి నేనో?"

"మీరేంటి? మీరు మనోళ్ళేగా. ఊరికే కూచోండి."

మర్నాడు పొద్దున్నే చందర్లపాడు బస్సు వచ్చింది. అప్పటి నుంచీ బాలసుబ్రహ్మణ్యం చూసినవి నమ్మాలో మానాలో తెలియనివి. రత్తయ్య కుర్చీలో కూర్చుని, అలగటానికి కారణం వెతుక్కుంటూ నాలుగు వైపులా చూశాడు. ఈలోపు కృపారావు, "కాళ్ళకి నీళ్ళిస్తే చెంబు అటు తిరిగి అందుకున్నారు, మేం మనుషులం కామా?" అని మూతి ముడుచుకున్నాడు. రత్తయ్యకి దిమ్మ తిరిగింది. తన జీవితంలో తను ఒకర్ని బతిమాలాల్సి రావటం అదే మొదలు. "అది కాదు బావగారూ, నా మాటినండి బావగారూ" అని చెమటలు కక్కుతున్నాడు. అవతల భవానీప్రసాద్ గరిటె పట్టుకుని, ఎవరో పప్పులో ఉప్పు తగ్గిందంటే వాళ్ళ మీద విరుచుకుపడుతున్నాడు. భారతీదేవి తన వడ్డాణం కథలో ఇంకా కంసాలి దగ్గరే ఉంది. బేబి తల ఊపుతోంది. ఆడపెళ్ళివారి మీద ఒక్క గొంతు లేవలేదు. బాలసుబ్రహ్మణ్యానికి చేయటానికి పనే లేదు.

పురోహితుడు కేక వేశాడు. "కన్యాదాత రావాలి! కాళ్ళు కడగాలి!"

నీళ్ళు పోయటానికి సీతారావమ్మ చెంబుతో సిద్ధంగా ఉంది. కడగటానికి సాంబయ్య లేడు.

మొదట ఎవరూ పట్టించుకోలేదు. పెరట్లో చూశారు, వంటశాలలో చూశారు, గొడ్ల చావిట్లో చూశారు. పురోహితుడు రెండోసారి పిలిచాడు, మూడోసారి గడియారం చూసుకుని పిలిచాడు. పందిట్లో గుసగుస మొదలైంది. అది కుర్చీల వరస వెంట పాకి రత్తయ్య దగ్గరికి వచ్చింది. రత్తయ్య లేచి నిలబడ్డాడు.

"ఏంటీ? పెళ్ళికూతురి నాన్న అలిగాడా?"

బ్యాండు ఆగిపోయింది. ఇరవై ఊళ్ళ పెళ్ళిళ్ళలో ఎవరూ వినని మాట అది. ఆడపిల్ల తండ్రి అలగటం! అలిగినా ఎవరికి చెప్పుకుంటాడు? ఎవరొచ్చి బతిమాలతారు? కృపారావు తను అలిగి ఉన్న సంగతి మర్చిపోయి నోరు తెరిచాడు. రత్తయ్య ముఖంలో కోపం లేదు, అవమానం ఉంది. తన సొత్తు ఎవరో ఎత్తుకుపోయినట్టు చూస్తున్నాడు. పీటల మీద మా అమ్మ తల ఇంకా కిందికి వంచింది.

బాలసుబ్రహ్మణ్యం మెట్ల పక్కగా పరిగెడుతుంటే, మేడ మీంచి సన్నగా టిక్కు టిక్కుమని చప్పుడు వినపడింది. ఆ చప్పుడు తనకి బాగా తెలుసు. రెండేసి మెట్లు ఎక్కి గది తలుపు తోశాడు.

టీవీ ముందు పీట వేసుకుని, కొత్త పట్టుపంచ మోకాళ్ళ పైకి లాక్కుని, సాంబయ్య కూర్చుని ఉన్నాడు. రెండు వేళ్ళతో మీటలు నొక్కుతున్నాడు. బాలసుబ్రహ్మణ్యం కళ్ళు టీవీ మీద పడ్డాయి. తన జట్టే. తన చేతిలో మునిగి, పిన్నిగారి చేతిలో సున్నాలు చుట్టిన జట్టు. పట్టికలో రెండో స్థానంలో ఉంది!

"బాబాయిగారూ! ఇదంతా మీరు...?"

"ఇది గెలిస్తే మొదటి స్థానం బాబూ. కాసేపే ఉంది."

ఈలోపు సీతారావమ్మ చెంబుతో సహా పైకి వచ్చింది. గుమ్మంలో ఆగిపోయింది.

"ఏవండీ! కింద పిల్ల పీటల మీదుంది!"

"చూశాలే, కిటికీలోంచి కనపడతంది." సాంబయ్య తల తిప్పలేదు. "అందరూ ఉన్నారుగా. రత్తయ్యకి కృపారావు. ఆ అల్లుడికి సుబ్బమ్మ. ఆ పెద్దావిడకి బేబి. గాలికి తిరగటానికి కూడా ఒక మనిషిని పెట్టావు. నన్నడిగితే, మనోళ్ళేగా, ఊరికే కూచోమన్నావు. కూచున్నా."

"కాళ్ళు కడగాలండీ!"

"ఈ మూడోవోణ్ణి చూడు. నీ దగ్గరున్నప్పుడు వీడికి ఉత్సాహం సున్నా. ఒక ఆట ఆడించి ఒక ఆట కూచోబెడతన్నా. రోజూ వీడి అంకె ముందు చూసి తర్వాతే మిగతావోళ్ళని చూస్తన్నా. ఇప్పుడు తొంభై ఆరు. ఇందాకే గోలు కొట్టాడు. అవతలి వైపు." అప్పుడు తల తిప్పాడు. "చెప్పు సీతా. నేనెవరికి?"

బస్సులోంచి దిగేవాడి నడక చూసి వాడు ఏ పూట అలుగుతాడో చెప్పగల మనిషి, పాతికేళ్ళు ఒకే కంచంలో తిన్న మనిషి ఎందుకు అలిగాడో చెప్పలేక నిలబడింది. ఆవిడ చూపు గోడ మీద పడింది, గోడ వెంట మెల్లగా కిటికీ దాకా పోయింది, అక్కణ్ణించి బయటికి పోయింది. సీతారావమ్మకి మాట పడిపోవటం బాలసుబ్రహ్మణ్యం అంతకుముందు చూడలేదు. ఆవిడ వెనక్కి తిరిగి మెట్లు దిగిపోయింది.

"తప్పండీ బాబాయిగారూ, లేవండి. ముహూర్తం దాటిపోతుంది," అని బాలసుబ్రహ్మణ్యం సాంబయ్య చేతులు పట్టుకున్నాడు. సాంబయ్య వినటం లేదు. మూడో నంబరువాడు బంతితో ముందుకు పోతున్నాడు. అవతలి గోలు దగ్గర పడింది. సాంబయ్య పీట మీంచి సగం లేచాడు.

టీవీ మీద తెల్లటి చుక్క ఒకటి మిగిలి, అదీ ఆరిపోయింది. పైన ఫ్యాను నెమ్మదించి ఆగింది.

సాంబయ్య మొహం చూడలేకపోయానని బాలసుబ్రహ్మణ్యం ఇప్పటికీ అంటాడు. "కరెంటు పోయింది బాబూ," అన్నాడట, దగ్గరివాళ్ళెవరో పోయినట్టు. కింద మైకు మాత్రం మోగుతూనే ఉంది. బ్యాటరీ మీద నడుస్తోందనుకున్నాడు బాలసుబ్రహ్మణ్యం.

కాసేపటికి సీతారావమ్మ మళ్ళీ పైకి వచ్చింది. ఈసారి చేతిలో మజ్జిగ గ్లాసు ఉంది. వచ్చి ఆయన పక్కన నేల మీద కూర్చుంది.

"కరెంటు పోయింది," అన్నాడు సాంబయ్య.

"ఎండాకాలం. పోదా మరి? ఇందాక ఒక మాట అడిగారు. మీరెవరికి అని."

"ఆఁ. ఎవరికి?"

"నాకు."

"నీకెందుకు? నువ్వేం పేచీ పెడతావు?"

"అందరికన్నా పెద్ద పేచీకోరుని నేనే. ఊరందరికీ కాపలా పెట్టా, నాకెవరున్నారు? నిన్న పొద్దుటి నుంచీ తిన్నావా అని అడిగినోళ్ళు లేరు. అరవమాకే అని చెప్పినోళ్ళు లేరు. నన్ను చూసుకుంటారా, లేదా?"

సాంబయ్య ఆ మజ్జిగ గ్లాసు అందుకుని, తాగకుండా ఆవిడ నోటికే పెట్టాడు. తాగేదాకా గ్లాసు దించలేదు. తర్వాత పట్టుపంచ సర్దుకుని, కండువా దులిపి భుజాన వేసుకుని మెట్లు దిగాడు. పందిరి మొత్తం లేచి నిలబడి చూస్తుండగా పీటల ముందు కూర్చుని, ఆవిడ నీళ్ళు పోస్తుంటే మా నాన్న కాళ్ళు కడిగాడు. ముహూర్తం దాటలేదు. రత్తయ్య అలగటానికి మళ్ళీ ప్రయత్నం చేశాడు గానీ, ఆ రోజుకి అందరూ చూడవలసిన అలక చూసేశారు. ఆయన వంక ఎవరూ తల కూడా తిప్పలేదు.

అసలు చూడవలసింది ఆ తర్వాత. ఆ పూట నుంచి బస్సు కదిలేదాకా సాంబయ్య సీతారావమ్మని అడుగు తీసి అడుగు వేయనివ్వలేదు. ఆవిడ వంటవాళ్ళ మీద కేకలేద్దామని నోరు తెరిస్తే ఈయన అందులో అరిసె ముక్క పెట్టాడు. లేచి పందిట్లోకి పోదామంటే కుర్చీ తెచ్చి వెనక నిలబడ్డాడు. భారతీదేవి ఏదో అనబోయిందని ఆవిడ కొంగు బిగిస్తే, ముందే వెళ్ళి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. బంతి వచ్చే చోట కాళ్ళు చాపుకుని కూర్చునే నాలుగో నంబరువాడు గుర్తొచ్చి బాలసుబ్రహ్మణ్యం నవ్వు ఆపుకోలేకపోయాడు. పిల్లని బస్సెక్కించేటప్పుడు, ఎవరి ముందూ కంటనీరు పెట్టని సీతారావమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. అప్పుడు మటుకు సాంబయ్య అడ్డు రాలేదు. కండువా అందించి ఊరుకున్నాడు.

ఆ కాపలా ఇప్పటికీ తీయలేదు. ఆవిడ ఏ పెళ్ళికి వెళ్ళినా మూల కుర్చీ ఖాళీగా ఉంటుంది, ఈయన ఆవిడ పక్కనే ఉంటాడు. కరెంటు పోకుండా ఉంటే మూడో నంబరువాడు ఆ గోలు కొట్టి తీరేవాడని ఏటా ఎండాకాలం రాగానే ఒకసారి అంటాడు. కరెంటాఫీసువాళ్ళని తిడతాడు.

ఇంతవరకూ రాసి మొన్న అమ్మమ్మకి చదివి వినిపించాను. తాత వరండాలో కునుకు తీస్తున్నాడు. ఆవిడ గోరుచిక్కుళ్ళు తుంచుతూ మొదటి నుంచి చివరిదాకా విని, వరండా వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"మాట పడిపోయి గోడకేసి చూశానా? నీ మొహం. ఆ టీవీ వైరు ఏ ఫ్యూజుకి పోయిందా అని చూశా. మీ తాతకి చెప్పావంటే కాళ్ళిరగ్గొడతా."